బొలోన్యా తిండిని దగ్గరగా తెలుసుకోవడం ఎలా: సంత, పళ్లెం, పిండి పీట

ఉత్తర ఇటలీలోని బొలోన్యా వంటకి కావలసిన సరుకులు తక్కువ. మైదా లాంటి మెత్తటి గోధుమ పిండి, గుడ్లు, పంది మాంసం, పాలు, ఉల్లి. మసాలా అంటే జాజికాయ, మిరియాలు. ఇంత కొద్దిపాటి సామానుతో ఆ ఊరికి "లా గ్రాస్సా", అంటే బాగా తిని ఒళ్లుచేసిన ఊరు అనే పేరొచ్చింది. పనితనం అంతా కొలతల్లో, ఓపికలో, చేతి ఒడుపులో ఉంటుంది. అందుకే అక్కడ ఇరవై హోటళ్లు తిరిగినా తెలిసేది తక్కువ. అయిదారు వంటకాలే ఎంచుకుని, ఒక్కోదాన్ని ముందు సంతలో సరుకుగా చూసి, తర్వాత పళ్లెంలో రుచి చూసి, ఆఖరికి మీ చేత్తో చేసి చూడండి. దీనికి మూడు రోజులు చాలు.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు నుంచి మార్చి దాకా మేలైన కాలం. తొర్తెల్లీని అనే మాంసం పూర్ణం పెట్టి మడిచిన చిన్న పాస్తాని మాంసం పులుసులో తేలుస్తూ వేడిగా తినడం చలికాలపు అలవాటు, క్రిస్మస్‌కి అది లేని ఇల్లు అరుదు. నవంబరులో దగ్గరి కొండల్లోని సావిన్యో నుంచి తెల్ల ట్రఫుల్ అనే ఘాటు వాసన గల, నేల లోపల పెరిగే పుట్టగొడుగు వస్తుంది. వసంతంలో వెళ్తే ఆల్తెదో ఆస్పరాగస్, జూన్‌లో విన్యోలా చెర్రీలు దొరుకుతాయి. ఆగస్టు మాత్రం వద్దు. 15వ తేదీ పండగకి అటూ ఇటూ మంచి వంటిళ్లు చాలావరకు మూసేసి సెలవులకి పోతారు. మిగతా నెలల్లో కూడా ఆదివారం సంత దుకాణాల్లో చాలావాటికి సెలవు, కొన్ని గురువారం మధ్యాహ్నం కూడా మూస్తారు. కాబట్టి సంత పనిని మంగళ, బుధ, శుక్ర వారాల్లో ఏదో ఒక ఉదయానికి పెట్టుకోండి.

మీరేం తినరో ముందే రాసుకోండి

తెలుగువాళ్లకి ఈ ఊళ్లో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే.

గొడ్డు మాంసం తినని వారు: రాగూ అనే కీమా కూరలో గొడ్డు, పంది రెండూ ఉంటాయి. పొరలుగా పేర్చి కాల్చే లజాన్యా పాస్తాలోనూ అదే రాగూ. తొర్తెల్లీని లోపల పంది మాంసమే అయినా, అవి తేలే పులుసుని కోడితో పాటు గొడ్డు మాంసం, ఎముకలు వేసి కాస్తారు. మీకు పనికొచ్చేవి మోర్తదెల్లా అనే లావాటి పంది మాంసం సాసేజీ, ఇంకా గ్రమీన్యా అనే పొట్టి మెలిక పాస్తా. గ్రమీన్యాకి పంది సాసేజీ కూర కలుపుతారు, దాని రుచి రాగూకేం తీసిపోదు.

పంది మాంసం తినని వారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్త్రుత్తో అనే పంది కొవ్వు కంటికి కనపడకుండా చాలా చోట్ల ఉంటుంది. క్రెషెంతీనె అనే ఉబ్బిన వేపుడు రొట్టెల్ని సంప్రదాయంగా అందులోనే వేయిస్తారు. తిజెల్లె అనే చిన్న గుండ్రటి రొట్టెల పిండిలో కూడా తరచుగా అది కలుస్తుంది.

శాకాహారులు తొర్తెల్లోని అడగండి. తొర్తెల్లీనికి అన్నలా పెద్దగా ఉండే ఈ పాస్తాలో రికోతా అనే మెత్తటి తాజా చీజ్, పార్స్లీ ఆకు, పార్మిజానో అనే గట్టి చీజ్, గుడ్డు, జాజికాయ పెడతారు. పైన వెన్న, సేజ్ ఆకు వేసి ఇస్తారు. అయితే ఆకుపచ్చ రంగులో ఇలాగే కనిపించే బలన్‌జోనీ అనే పాస్తా ఉంది. పాలకూర పిండి కదా అని ధైర్యంగా తినేస్తారు, లోపల రికోతాతో పాటు మోర్తదెల్లా ఉంటుంది. ఇంకో సంగతి, పార్మిజానో రెజ్జానోకి పాలని దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొడతారు, వాళ్ల నియమం అది. ఆ చీజ్ వద్దనుకుంటే ఈ ఊరి పాస్తాల్లో మీకు మిగిలేవి చాలా తక్కువ. ఆ నిర్ణయం బయల్దేరక ముందే తీసుకోండి.

"సోనో వెజెతారియానో" అంటే నేను శాకాహారిని అని (ఆడవారైతే "వెజెతారియానా"). అంతటితో ఆగకండి. "సెన్సా కార్నె" అంటే మాంసం లేకుండా అనే అర్థం, కానీ పులుసునీ కొవ్వునీ చాలామంది మాంసంగా లెక్కపెట్టరు. "సెన్సా బ్రోదో దీ కార్నె, సెన్సా స్త్రుత్తో, సెన్సా ప్రొషుత్తో" అని, అంటే మాంసం పులుసు, పంది కొవ్వు, ప్రొషుత్తో (ఉప్పు పెట్టి ఆరబెట్టిన పంది తొడ మాంసం) లేకుండా అని విడివిడిగా అడగండి. ఈ మూడు మాటలు కాగితం మీద రాసి చూపించినా సరే, ఎవరూ ఏమీ అనుకోరు.

మొదటి ఉదయం: క్వాద్రిలాతెరో

పియాజ్జా మజ్జోరే అనే పెద్ద కూడలికి తూర్పున, నడక దూరంలో అయిదారు సన్న వీధులున్నాయి. ఈ పేటని క్వాద్రిలాతెరో అంటారు. వీధుల పేర్లు మధ్యయుగపు వృత్తి సంఘాల నుంచి వచ్చినవే: చేపలవారి పెస్కెరియె వెక్కియె, బట్టలవారి ద్రప్పెరియె, కంసాలుల ఒరెఫిచీ. ఉదయం తొమ్మిదింటికల్లా చేరండి. పదకొండు దాటితే పర్యాటకుల రద్దీలో దుకాణదారుడితో రెండు మాటలు మాట్లాడే వీలుండదు.

కొనే పద్ధతి తెలిసుంటే భయం ఉండదు. దుకాణంలోకి వెళ్లగానే నంబరు చీటీ యంత్రం ఉందేమో చూసి చీటీ తీసుకోండి. తూకం ఎత్తోల్లో చెబుతారు. ఒక ఎత్తో అంటే 100 గ్రాములు. "ఉన్ ఎత్తో" అంటే 100, "దూయే ఎత్తి" అంటే 200. రుచి చూడటానికి అర ఎత్తో అడిగినా ఇస్తారు: "మెద్జ్ ఎత్తో". పండ్లు, కూరగాయల్ని చేత్తో ముట్టుకుని ఏరుకోవద్దు. అమ్మేవారికి చూపిస్తే వాళ్లే తీసిస్తారు.

మొదట మోర్తదెల్లా చూడండి. బొలోన్యాలో 1661లోనే కార్డినల్ ఫర్నేసె ఇచ్చిన ఉత్తర్వు దీని తయారీకి కట్టుబాట్లు పెట్టింది. ఇప్పుడు ఐజీపీ (యూరోపియన్ యూనియన్ ఇచ్చే ప్రాంతీయ గుర్తింపు) ముద్ర ఉన్నది పూర్తిగా పంది మాంసంతోనే చేయాలి, తెల్లగా కనిపించే కొవ్వు ముక్కలు మొత్తంలో కనీసం 15 శాతం ఉండాలి. నెమ్మదిగా పొడి వేడి గదుల్లో ఉడికిస్తారు. కాగితమంత పల్చగా కోయించుకోండి, కోసిన పావుగంటలోనే తినండి. ముందే కోసి ప్యాకెట్లో పెట్టిందాన్ని కొంటే పరిమళం సగం పోయి ఉంటుంది. చల్లగా ఉన్నా దాని రుచి తెలియదు. కొవ్వు నోట్లో కరగాలంటే అది గది వేడికి రావాలి.

తర్వాత పాస్తా దుకాణాల కిటికీల ముందు ఆగండి. తొర్తెల్లీని ఎంత చిన్నగా ఉంటే చేతిపని అంత ఎక్కువ. కిలో వెల చూసి ఉలిక్కిపడకండి, ఒక్కోటీ వేళ్లతో మడిచింది. 1974లో ఊరి వాణిజ్య మండలిలో నమోదు చేసిన పూర్ణం కొలత ఇదీ: పంది నడుము మాంసం 300 గ్రాములు, ప్రొషుత్తో 300, మోర్తదెల్లా 300, పార్మిజానో 450, గుడ్లు 3, జాజికాయ. చీజ్ వాటా ఎంతుందో గమనించండి. చౌక దుకాణాల్లో తగ్గించేది అదే, అందుకే వాళ్ల పూర్ణం మాంసం ముద్దలా ఉంటుంది.

కొన్న రొట్టె, మోర్తదెల్లా, చీజ్ పట్టుకుని రనోక్కీ సందులోని ఒస్తెరియా దెల్ సోలెకి వెళ్లండి. 1465 నుంచి ఉన్న మద్యశాల ఇది. అక్కడ తాగడానికి మాత్రమే అమ్ముతారు, తిండి మనమే తెచ్చుకోవాలి. ఏదో ఒక పానీయం కొనడం మర్యాద. పర్యాటకుల రద్దీ తక్కువున్న కూరగాయల సంత కావాలంటే ఉగో బస్సీ వీధిలోని మెర్కాతో దెల్లె ఎర్బేకి వెళ్లండి. ఊరివాళ్లు సరుకు కొనేది అక్కడే.

పళ్లెం ముందు

మధ్యాహ్న భోజనం 12:30 నుంచి 2:30 దాకా, రాత్రి 7:30 తర్వాతే. మధ్యలో వంటగది మూసేస్తారు. నాలుగింటికి ఆకలేస్తే నిజమైన భోజనం దొరకదు, ఆ వేళ తెరిచి ఉన్న చోట్లు ఎక్కువగా పర్యాటకుల కోసం నడిచేవి. బిల్లులో మనిషికి కొన్ని యూరోలు కొపెర్తో అని కనిపిస్తుంది. అది రొట్టెకీ బల్లకీ వేసే రుసుము, మోసం కాదు. టిప్పు తప్పనిసరి కాదు.

మెనూలో స్పగెట్టీ బొలోనీజ్ కనిపిస్తే లేచి వచ్చేయండి. రాగూకి గుడ్డు పిండితో చేసిన వెడల్పాటి పట్టీల్లాంటి తాల్యతెల్లె పాస్తా కావాలి. ఎండు స్పగెట్టీ నున్నగా ఉంటుంది, కీమా జారి పళ్లెం అడుగున మిగిలిపోతుంది. ఈ జోడీ మీద ఊరి పట్టుదల ఎంతంటే, తాల్యతెల్లె వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో నమోదు చేయించి, బంగారంతో ఒక నమూనా చేయించి మెర్కన్సియా భవనంలో పెట్టారు. ఊరి నడుమ నిలిచిన అసినెల్లీ బురుజు ఎత్తులో 12,270వ వంతు అది.

ఒక్కరే వెళ్లినా రెండు రకాలు రుచి చూడాలంటే "బిస్" ఉందా అని అడగండి. రెండు పాస్తాలు సగం సగం ఒకే పళ్లెంలో ఇస్తారు. కొన్ని చోట్ల ఇద్దరికి తక్కువైతే ఇవ్వరు. మొదటి పూట తాల్యతెల్లె రాగూ, రెండో పూట తొర్తెల్లీని పులుసు. పులుసు తొర్తెల్లీనిలో చీజ్ పొడి కలుపుకునే ముందు రెండు చెంచాలు వట్టి పులుసు తాగి చూడండి. ఆ వంటింటి స్థాయి అక్కడే తెలిసిపోతుంది. తీపి తినాలంటే తోర్తా దీ రీజో ఉందేమో అడగండి. పాలలో ఉడికించిన బియ్యంలో బాదం, గుడ్డు, పంచదార పాకంలో ఊరిన దబ్బ తొక్క కలిపి కాల్చి, డైమండ్ ఆకారంలో కోస్తారు. పరమాన్నం ఎరిగిన నాలుకకి ఇది వెంటనే నచ్చుతుంది.

రెండో రోజు: చీజ్, బల్సామిక్

పార్మిజానో చేసే కసేఫీచోకి ముందుగా మెయిల్ రాసి ఖాయం చేసుకోండి. పని తెల్లవారుజామునే మొదలై పదింటికల్లా అయిపోతుంది, కాబట్టి ఎనిమిదిన్నరకి అక్కడుండాలి. మధ్యాహ్నం వెళ్తే కడిగిన నేల తప్ప ఏమీ కనపడదు. రాత్రి పిండిన పాలని తెల్లవారే దాకా ఉంచి పై మీగడ తీసేసి, ఉదయపు పాలు కలిపి రాగి కాగుల్లో వేస్తారు. ఒక్కో కాగు నుంచి రెండు చక్రాలు వస్తాయి. ఒక్కో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు, బరువు దాదాపు 40 కిలోలు. ఉప్పు నీళ్లలో మూడు వారాల పాటు నానుతుంది, తర్వాత కనీసం 12 నెలలు మాగాలి.

కొనేటప్పుడు 24 నెలలది అడగండి, తురమడానికీ తినడానికీ రెండింటికీ బాగుంటుంది. 36 నెలలది పొడిపొడిగా విరుగుతుంది, విడిగా తినడానికి మేలు. అందులో పంటికి తగిలే తెల్ల గింజలు ఉప్పూ కాదు, బూజూ కాదు. ప్రొటీన్ విడివడగా ఏర్పడే టైరొసిన్ స్ఫటికాలు, బాగా మాగిందనడానికి గుర్తు. ఇంటికి తేవాలంటే "సొత్తొవూవొతో" అనండి, గాలి తీసి ప్యాక్ చేస్తారు. ఇల్లు చేరాక తెరిచి, బటర్ పేపరులో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ప్లాస్టిక్‌లోనే వదిలేస్తే చెమట పట్టి బూజొస్తుంది. మోర్తదెల్లా, తొర్తెల్లీని లాంటి మాంసం సరుకులు మాత్రం అక్కడే తినేసి రండి, ఇండియాకి సామానులో పెట్టొద్దు.

బల్సామిక్ అనే తియ్యటి ద్రాక్ష వెనిగర్ కోసం రైల్లో అరగంటలో మోదెనా చేరొచ్చు. ఇక్కడ సీసా మీద చదవాల్సిన మాట "త్రదిజొనాలె". అది ఉన్నది ద్రాక్ష రసాన్ని కాచి, చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్లు మాగబెట్టింది. 25 ఏళ్లదాన్ని ఎక్స్‌ట్రావెక్కియో అంటారు. గుండ్రటి బుడ్డిలా ఉండి అడుగు నలుచదరంగా ఉన్న 100 మిల్లీలీటర్ల ఒకే ఆకారపు సీసాలో తప్ప వేరే దాన్లో అమ్మరు. ఆ మాట లేని ఐజీపీ బల్సామిక్‌లో వైన్ వెనిగర్ కలుస్తుంది, 60 రోజులకే అమ్మొచ్చు. సలాడ్‌కి ఇది చాలు. పాతదాన్ని స్టవ్ మీద పెట్టకండి, పరిమళం ఎగిరిపోతుంది. చీజ్ ముక్క మీద రెండు చుక్కలు వేసుకోండి.

మూడో రోజు: పిండి

ఈ వంట గుండెకాయ స్ఫోల్యా, అంటే గుడ్డుతో కలిపి పొడవాటి కర్రతో వత్తిన పిండి రేకు. వత్తే ఆడవాళ్లని స్ఫోల్యీనె అంటారు. నేర్చుకునే తరగతి ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ప్రతి ఒక్కరికీ విడిగా పీట, కర్ర ఇస్తారా? పిండి కలపడం నుంచి మొదలవుతుందా? వత్తేది కర్రతోనా, యంత్రంతోనా? ఒక్కదానికి "కాదు" వచ్చినా వేరే చోటు చూడండి. కర్రతో చెక్క పీట మీద వత్తితే రేకు గరుకుగా ఉంటుంది, రాగూ దానికే అంటుకుంటుంది. ఉక్కు రోలర్లలోంచి వచ్చిన రేకు నున్నగా జారిపోతుంది.

ఇంట్లో చేయాలంటే లెక్క సులువు: 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు. కానీ మన కోడిగుడ్డు చిన్నది, అందుకే గుడ్లని తూచండి. నలుగురికి 400 గ్రాముల మైదా, పెంకు లేకుండా 220 గ్రాముల గుడ్డు. ఉప్పు, నూనె, నీళ్లు వద్దు. మైదాలో రెండు చెంచాలు పక్కన ఉంచి, అవసరమైతేనే కలపండి. పది పన్నెండు నిమిషాలు అరచేతి మడమతో గట్టిగా పిసకాలి. చపాతీ పిండి కన్నా ఇది గట్టిగా, బిరుసుగా ఉంటుంది, ఉండాలి కూడా. వేలితో నొక్కితే నెమ్మదిగా పైకి లేస్తే సరిపోయినట్టు. గిన్నె బోర్లించి అరగంట వదిలేయండి.

వత్తే ముందు ఫ్యాన్ ఆపండి. మన ఇళ్లలో ఈ పిండి పాడయ్యేది ఎక్కువగా ఇందువల్లే. గాలికి పైపొర ఎండి, వత్తుతుంటే అంచులు చీలుతాయి. మధ్య నుంచి బయటికి వత్తుతూ, ప్రతిసారీ కాస్త తిప్పుతూ పోండి. పెద్దదయ్యాక రేకుని కర్రకి చుట్టి, అరచేతుల్ని మధ్య నుంచి చివరలకి జరుపుతూ సాగదీయాలి. అప్పడాల కర్ర పొట్టిది కాబట్టి పిండిని రెండు మూడు ఉండలుగా చేసుకోండి. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే కొండ మీది సాన్ లూకా గుడి కనిపించాలని అక్కడివాళ్లు అంటారు, మనకి చేతివేళ్లు కనిపిస్తే చాలు.

రేకు వెనక్కి ముడుచుకుంటుంటే పిండికి విశ్రాంతి చాలలేదని, ఇంకో పావుగంట ఆగండి. వత్తిన రేకుని గుడ్డ మీద ఆరనివ్వండి. వేసవిలో హైదరాబాదులో అయిదు నిమిషాలు చాలు, విశాఖ తేమకి ఇరవై దాటొచ్చు. చేతికి అంటకుండా, మడిస్తే విరగకుండా ఉన్నప్పుడు వదులుగా చుట్టి, 7 మిల్లీమీటర్ల వెడల్పున కోయండి, ఉడికితే 8 అవుతుంది. తడిగా ఉండగా కోస్తే పోగులన్నీ అంటుకుపోతాయి. లీటరు నీళ్లకి 10 గ్రాముల ఉప్పు వేసి తెర్లుతున్నప్పుడు రెండు నిమిషాలు ఉడికిస్తే సరి. ఆ రోజు వండకపోతే ఫ్రీజర్లో పెట్టండి. పచ్చి గుడ్డున్న పిండిని మన తేమలో బయట ఎండబెట్టడం మంచిది కాదు.

రాగూ

1982లో నమోదై 2023లో సవరించిన కొలత ఆరుగురికి ఇలా ఉంటుంది: కాస్త లావుగా దంచిన గొడ్డు మాంసం 400 గ్రాములు, పొగ పెట్టని పంచెత్తా (ఉప్పు పెట్టిన పంది పొట్ట మాంసం) 150, ఉల్లి, క్యారెట్, సెలెరీ ఒక్కోటి 60, వైన్ ఒక గ్లాసు, టమాటా గుజ్జు 200, చిక్కటి టమాటా పేస్టు ఒక పెద్ద చెంచా, ఆలివ్ నూనె మూడు చెంచాలు, కావాలంటే ఒక గ్లాసు పాలు, కలపడానికి పల్చటి పులుసు. వెల్లుల్లి, రోజ్‌మేరీ, మసాలా దినుసులు, చిక్కదనానికి పిండి వేయకూడదని అందులోనే రాశారు.

నూనెలో పంచెత్తా కొవ్వు కరిగాక కూరగాయల తురుము వేసి మంట తగ్గించి మెత్తబడనివ్వాలి, ఎర్రబడకూడదు. తర్వాత మంట పెంచి కీమా వేసి, నీరంతా ఇగిరి చిటపటమనే దాకా పది నిమిషాలు వేయించండి. ఈ మెట్టు దాటేస్తే కీమా వేగకుండా ఉడికిపోతుంది, ఆ రుచి ఎంతసేపు కాచినా తిరిగి రాదు. వైన్ పోసి వాసన పోయే దాకా ఆగి, టమాటా వేసి, వేడి పులుసు కొద్దికొద్దిగా పోస్తూ సన్న సెగ మీద రెండు మూడు గంటలు. పాలు పోయాలనుకుంటే కూర సగం ఉడికాక పోయండి. కుక్కర్‌లో పెడితే మాంసం ఉడుకుతుంది కానీ నీరు ఇగరదు, చివరికి మిగిలేది పులుసు కూర. మటన్ కీమా 550 గ్రాములతో చేస్తే అది బొలోన్యా రాగూ అనిపించుకోదు. అయినా ఈ పద్ధతికి బాగా లొంగుతుంది, కాస్త కొవ్వున్నది కొట్టించుకోండి.

ఫ్రిజ్జోనే

శాకాహారులు ఇంట్లో మొదట చేయాల్సింది ఈ ఉల్లి, టమాటా ముద్ద కూర. ఇదీ వాణిజ్య మండలిలో నమోదైన వంటకమే: 4 కిలోల తెల్ల ఉల్లికి 300 గ్రాముల టమాటా, చెంచా ఉప్పు, చెంచా పంచదార, రెండు చెంచాల పంది కొవ్వు. ఇంటికి కిలో ఉల్లి, 75 గ్రాముల టమాటా, పావేసి చెంచా ఉప్పు, పంచదార, కొవ్వుకి బదులు రెండు చెంచాల నూనె తీసుకోండి. మన ఎర్ర ఉల్లి ఘాటు ఎక్కువ, తెల్లవి దొరికితే అవే కొనండి.

ఉల్లిని సన్నగా తరిగి, ఉప్పు, పంచదార కలిపి మూత పెట్టి నాలుగు గంటలు ఊరనివ్వండి. ఊరిన నీటిని పారబోయకుండా దాంతోనే మందపాటి గిన్నెలో, అతి సన్న సెగ మీద గంటన్నర కలుపుతూ ఉడికించండి. రంగు మారి గోధుమగా అయితే మంట ఎక్కువైనట్టే, రెండు చెంచాల నీళ్లు చల్లండి. తొక్క తీసిన టమాటా వేసి మరో గంట. చెంచా గీస్తే గిన్నె అడుగు కనిపించి, పక్కలకి నూనె తేలినప్పుడు దించేయండి. కిలో ఉల్లి చిన్న గిన్నెడు అవుతుంది. టమాటా ఎక్కువ వేయాలనిపిస్తుంది, వేస్తే పులుపు ఉల్లి తీపిని మింగేస్తుంది. ఫ్రిజ్‌లో మూణ్ణాలుగు రోజులుంటుంది, రెండో రోజుకి రుచి పెరుగుతుంది. కాల్చిన బ్రెడ్ మీదైనా, వేడి జొన్న రొట్టెతోనైనా బాగుంటుంది.